ఒక పేరు, కొన్ని పాత కార్లు, ఒక పట్టీ

స్వీడన్ దేశపు ఒక కార్ల కంపెనీ అందమైన బండ్లను కొన్నిటినీ, మొండి బండ్లను చాలావాటినీ తయారుచేసింది. కాని ఆ సంస్థ లోకానికి ఇచ్చిన అన్నిటికన్నా విలువైన వస్తువు కారు కాదు.

సూరతులో మరమగ్గాల మీద ఒక షిఫ్టు దిగి మరొకటి ఎక్కే సాయంకాలవేళ, లింబాయత్ వీధుల్లో నడిచేవారి చెవిని తెలుగు మాట పడుతుంది. కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుంచి తరాలుగా వలస వచ్చి స్థిరపడిన నేతపనివారి కుటుంబాలవి. నగరపాలక సంస్థ వారి పిల్లలకోసం తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నది. పెండ్లికో, బతుకమ్మకో ఊరికి బయలుదేరిన మనిషి ప్రైవేటు బస్సుల కార్యాలయం ముందు నిలబడి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "వోల్వో ఉందా?"

వచ్చే బస్సు ఏ కంపెనీదైనా కావచ్చు. చల్లగాలి, మెత్తని సీటు, పెద్ద అద్దాలు ఉంటే చాలు, అది వోల్వోయే. వనస్పతి నెయ్యి ఏదైనా మన వంటింట్లో డాల్డా అయినట్లే, 2001 ప్రాంతంలో ఆ సంస్థ బస్సులు మన రోడ్లమీదికి వచ్చాక ఖరీదైన బస్సు ప్రతిదీ వోల్వో అయింది. ఆ పేరు పలికేవారిలో చాలామందికి దాని వెనుక దాదాపు నూరేళ్ళ కార్ల చరిత్ర ఉన్నదని తెలియదు. ఆ చరిత్రలో ఒక చిన్న వస్తువు ఉన్నది. తెలుసుకుంటే మన ప్రాణానికే లాభం.

బాల్ బేరింగు పేరు

విచిత్రమేమంటే, ఆ పేరు మొదట బస్సుదీ కాదు, కారుదీ కాదు. ఎస్.కె.ఎఫ్. అనే స్వీడిష్ బేరింగుల కంపెనీ 1915లో తన సరకుకోసం దానిని రిజిస్టరు చేయించింది. 'వోల్వో' అంటే లాటిను భాషలో 'దొర్లుతున్నాను' అని అర్థం. బేరింగుకు అంతకంటె తగిన పేరేముంటుంది?

ఆ కంపెనీలో అమ్మకాలు చూసే ఆసార్ గాబ్రియెల్‌సన్, అక్కడే లోగడ పనిచేసిన ఇంజనీరు గుస్తాఫ్ లార్సన్ 1924లో కలుసుకుని, స్వీడన్ దేశపు గతుకుల రోడ్లకూ గడ్డకట్టే చలికీ తట్టుకునే కారును స్వదేశంలోనే తయారుచేయాలని నిశ్చయించుకున్నారు. మంచి ఉక్కు వారికి ఇంట్లోనే ఉంది. వాడకుండా పడివున్న పేరును బేరింగుల కంపెనీ ఇచ్చింది. బాణం గుచ్చిన వృత్తం వారి చిహ్నమైంది. అది ఇనుముకు ప్రాచీన కాలంనుంచీ ఉన్న సంకేతం.

1927 ఏప్రిల్ 14న గోథెన్‌బర్గ్ నగరంలోని కర్మాగారం నుంచి మొదటి కారు వెలుపలికి వచ్చింది. పేరు ఓ.వి.4, ముద్దుపేరు యాకోబ్. చెక్క చట్రంపై రేకు తొడిగిన, పైకప్పు లేని బండి అది. శక్తి 28 అశ్వబలం. గేరుచక్రాలను తలక్రిందులుగా బిగించినందున మొదట కదిపినప్పుడు అది ముందుకు కాక వెనక్కు నడిచిందని ఒక కథ చెబుతారు. అంత చలిదేశంలో పైకప్పులేని కారును కొనేవారు కూడ ఎక్కువమంది దొరకలేదు. మొదటి యేడు తయారైన బండ్లు మూడువందలకు లోపే.

గూని వీపు బండి

కంపెనీని నిలబెట్టిన కారు యుద్ధకాలంలో పుట్టింది. 1944లో స్టాక్‌హోమ్ ప్రదర్శనలో పి.వి.444 అనే చిన్నకారును జనం చూశారు. వెనుకభాగం గూనివీపులా వంగివుండే ఆ బండి వెల 4,800 క్రోనర్లు. పదిహేడేళ్ళ క్రితం మొదటి కారుకు పెట్టిన వెల సరిగ్గా అంతే! కాని యుద్ధం ముగిసి, సామగ్రి దొరికి, 1947లో గాని తయారీ సాగలేదు. పగిలినా ముక్కలు మొగాన గుచ్చుకోకుండా పొరలుగా అతికిన ముందు అద్దాన్ని ఆ రోజుల్లోనే దానికి అమర్చారు. 1958లో దానినే సవరించి పి.వి.544గా తెచ్చారు. 1965లో ఆపేసేనాటికి రెండు రకాలూ కలిసి దాదాపు 4,40,000 బండ్లు తయారైనాయి.

ఈ కారుకు గొప్ప కీర్తి తెచ్చిన చేతులు మనవారివి. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ బురదకూ, దుమ్ముకూ, నిప్పులాంటి ఎండకూ పేరుపడ్డ పోటీ. కెన్యాలో పుట్టిన పంజాబీ సిక్కు జోగిందర్ సింగ్, తన తమ్ముడు జస్వంత్ సింగ్‌ను పక్కన కూర్చోబెట్టుకొని 1965లో ఆ పోటీ గెలిచాడు. వారు నడిపింది కొత్తబండి కాదు. అదివరకే పోటీల్లో తిరిగిన పాత పి.వి.544. జోగిందర్ ఆ తరువాత 1974లోను, 1976లోను ఇతర కారులో మళ్ళీ గెలిచాడు. కాని ఆ పాత గూని బండి విజయమే ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

1956లో వచ్చిన కారు పేరు అమెజాన్. యువశిల్పి యాన్ విల్స్‌గార్డ్ గీసిన ఆ కారు, మన అంబాసిడరుకు ఇంచుమించు ఈడుబండి. 1970 వరకు 6,60,000 పైచిలుకు అమెజాన్లు తయారైనాయి. 1961లో వచ్చిన పి.1800 మాత్రం కంపెనీ స్వభావానికి విరుద్ధమైన సొగసుకత్తె. దాన్ని గీసినవాడు పెల్లె పెటర్‌సన్. 'ది సెయింట్' అనే బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికలో రోజర్ మూర్ నడపడంతో అది లోకప్రసిద్ధమైంది. ఐతే సొగసుకత్తెకు కూడ ఇంటి మొండితనమే వచ్చింది. ఇర్వ్ గోర్డన్ అనే అమెరికా ఉపాధ్యాయుడు 1966లో కొన్న పి.1800ను 2013 నాటికి ముప్ఫయి లక్షల మైళ్ళు నడిపాడు. భూగోళాన్ని నూటఇరవైసార్లు చుట్టినంత దూరం!

విమానాలనుంచి వచ్చిన ఇంజనీరు

కార్లు గట్టివైతే చాలునా? లోపలి మనిషి మాటేమిటి?

గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు కొట్టుకుంటే కారు ఆగుతుంది. లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోయి స్టీరింగుకో అద్దానికో తగులుతాడు. ఆ దెబ్బ సుమారు పధ్నాలుగు మీటర్ల ఎత్తునుంచి, అంటే నాలుగంతస్తుల మేడమీదనుంచి, నేలమీద పడడంతో సమానం. మేడమీద పిట్టగోడ లేకపోతే మనం భయపడతాం. కారులో భయపడం. రెంటిలోనూ ప్రమాదం ఒకటే.

నడుముకు అడ్డంగా కట్టే పట్టీలు అదివరకే ఉన్నాయి. కాని గుద్దుకున్నప్పుడు అవి కడుపులోని మెత్తని అవయవాలను నొక్కేవి. పైదేహం స్వేచ్ఛగా ముందుకు వాలిపోయేది. భుజంమీదుగా వేసే రకాల్లో బిగింపు సరిగ్గా కడుపు మీద వచ్చి, అదే గాయం చేసేది.

వోల్వో అధిపతి గున్నార్ ఎంగెలావ్ 1958లో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరును పనిలో పెట్టుకున్నాడు. తన బంధువొకరు కారు ప్రమాదంలో పోవడంతో ఎంగెలావ్ మనసు ఈ సమస్యమీద పడిందని చెబుతారు. బోలిన్ అంతవరకు సాబ్ విమాన కర్మాగారంలో, ఆపదలో విమానచోదకుణ్ణి సీటుతో సహా ఎగరవేసే యంత్రాలు తయారుచేసినవాడు. చోదకుడు ప్రాణంకోసం ఎన్ని పట్టీలైనా ఓపికగా కట్టుకుంటాడు. కాని బజారుకు పోయే గృహస్థు ఒక్క నిమిషమైనా ఓర్చుకోడు. బోలిన్ ఎదుట నిలిచిన చిక్కు అదే. ఒక్క చేతితో, ఒక్క క్షణంలో పెట్టుకోగలిగినదే మనిషి వాడతాడు.

అతడు కనుగొన్న పరిష్కారం చూస్తే, ఇంత తేలికా అనిపిస్తుంది. ఒకే పట్టీ. భుజంమీదుగా రొమ్ముకు ఏటవాలుగా దిగి, తొడ పక్కన కొక్కెంలోంచి మలుపు తిరిగి, తొడలపైగా రెండవవైపుకు పోతుంది. మూడు చోట్ల బిగింపు. కడుపు మీద ఏ బిగింపూ లేదు. గుద్దుకున్న తాకిడిని కటి ఎముకా, రొమ్ము ఎముకలూ పంచుకుంటాయి. మెత్తని భాగాలు తప్పించుకుంటాయి. 1959లో అమెజాన్, పి.వి.544 కార్ల ముందు సీట్లకు ఈ బెల్టు మామూలు సామగ్రిగా వచ్చింది. ఆ యేడు ఆగస్టు 13న స్వీడన్‌లో ఆ బెల్టుతో మొదటి కారు కొనుగోలుదారు చేతికి వెళ్ళింది.

ఆ తరువాత వోల్వో చేసిన పని వ్యాపారలోకంలో అరుదు. బోలిన్ పేటెంటు 1962లో అమెరికాలో మంజూరైంది. ఇతర కంపెనీలు ఆ పట్టీకి రుసుము కట్టవలసి వచ్చేది. కాని వోల్వో పేటెంటును అందరికీ బాహాటంగా విడిచిపెట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బివ్వనక్కరలేదు. ఈనాడు ప్రపంచంలోని ప్రతి కారులోనూ ఉన్నది దాదాపు ఆ పట్టీయే. దానివల్ల పదిలక్షలకు మించిన ప్రాణాలు నిలిచాయని కంపెనీ అంచనా.

జనం మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. బట్టలు నలుగుతాయన్నారు, మంటలంటుకుంటే ఇరుక్కుపోతామన్నారు. బోలిన్ వాదించలేదు, లెక్క చూపాడు. 1967లో ప్రకటించిన నివేదికలో 28,000 ప్రమాదాలను పరిశీలించారు. బెల్టు లేనివారు అన్ని వేగాలలోనూ చనిపోయారు. బెల్టు పెట్టుకున్నవారిలో గంటకు అరవై మైళ్ళ వేగానికి లోపున ఒక్కరూ చనిపోలేదు. స్వయంగా స్వీడన్ కూడ 1975లో గాని ముందుసీట్లవారు బెల్టు పెట్టుకోవాలని చట్టం చేయలేదు.

పెట్టెలాంటి కారు

1974లో వచ్చిన 240 సిరీసు కారును చూసి పెట్టెకు చక్రాలు తగిలించారని నవ్వినవారున్నారు. ఆ పెట్టెలో మనుషులు కూర్చునే గది గట్టిది. ముందూ వెనుకా ఉన్న భాగాలు మాత్రం దెబ్బ తగిలితే నలిగి ఆ దెబ్బను తమలో కలుపుకునేలా తయారైనవి. కారు నలిగితే నలుగుతుంది, మనిషి నలగరాదు. 1993 వరకు ఆ కుటుంబపు కార్లు సుమారు ఇరవైయెనిమిది లక్షలు తయారైనాయి. సొగసులేని ఈ పెట్టెనే ఇప్పుడు పాతకార్ల ప్రియులు దేశదేశాల్లో మెరుగుపెట్టి దాచుకుంటున్నారు.

1999లో కార్ల విభాగం అమెరికా వారి ఫోర్డుకు, 2010లో చైనా వారి గీలీకి చేతులు మారింది. లారీలూ బస్సులూ పాత స్వీడిష్ సంస్థలోనే ఉండిపోయాయి. అంటే సూరతులో మనం ఎక్కే బస్సూ, ఆ పాత అమెజానూ ఒక తల్లి బిడ్డలే. ఆస్తి పంపకాల తరువాత వేరుపడ్డారు, అంతే.

మన రహదారి మీద

మన దేశంలో కార్లకు ముందుసీటు బెల్టులు నియమంగా వచ్చినది 1994లో. బోలిన్ కనిపెట్టిన ముప్ఫయి అయిదేళ్ళకు! ఇప్పుడవి అన్ని కార్లలోనూ ఉన్నాయి, వెనుకసీట్లలో కూడ. పెట్టుకోకుంటే 2019 నాటి సవరణచట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. అయినా కేంద్రప్రభుత్వపు లెక్కలు చూడండి: 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 16,715 మంది బెల్టు పెట్టుకోనివారు. వారిలో దాదాపు సగం మంది పక్కనో వెనుకనో కూర్చున్న ప్రయాణికులు.

ఆ యేడు సెప్టెంబరు 4న, గుజరాతులోని ఉద్వాడ నుంచి ముంబయి తిరిగి వెళుతున్న ఒక కారు పాల్ఘర్ జిల్లాలో వంతెన గోడను గుద్దుకుంది. అది సూరతు మీదుగా ముంబయి పోయే రహదారియే. ముందుసీట్లలోని ఇద్దరూ గాయాలతో బ్రతికారు. వెనుకసీటులోని ఇద్దరూ, టాటా సన్స్ మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీతో సహా, మరణించారు. వారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు తెలిపారు. సంపద గాని, విలువైన కారు గాని ఆ పట్టీ చేయవలసిన పని చేయలేకపోయాయి.

పేరు కూడ ఆ పని చేయలేదు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర, బెంగుళూరునుంచి హైదరాబాదు వస్తూ కల్వర్టు గోడకు తగిలి కాలిపోయి, నలభైఅయిదు ప్రాణాలు బలిగొన్న బస్సు కూడ వోల్వోయే. భద్రత అనేది బండి రేకుమీద చెక్కిన అక్షరాలలో ఉండదు. నడిపేవాడి మెలకువలో, రోడ్డు వేసినవాడి శ్రద్ధలో, కూర్చున్నవాడి అలవాటులో ఉంటుంది. ఈ మూడింటిలో మన చేతిలో పూర్తిగా ఉన్నది చివరిది ఒక్కటే.

సూరతు నేతపనివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. బోలిన్ పట్టీ అంటే చివరకేమిటి? రెండంగుళాలైనా లేని వెడల్పున, పాలిస్టరు నూలును పడుగూ పేకలుగా చిక్కగా నేసిన గుడ్డ. అంతర్జాతీయ నిబంధన ప్రకారం అది సుమారు పదిహేనువందల కిలోల లాగుడుకు కూడ తెగరాదు. పోగు పోగు కలిస్తే ఎంత బరువు మోస్తుందో మగ్గం ముందు నిలబడినవాడికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఈసారి ఊరికి కారులో బయలుదేరినా, బెల్టున్న బస్సులో సీటు దొరికినా, ఒక్కసారి పక్కకు చేయి చాపండి. కొక్కెంలో పడిన 'టక్'మనే చప్పుడుకు ఒక్క క్షణం చాలు.