పడితే లేపే కాపలాదారు

ఇంటర్‌ ఫలితాలొచ్చాయ్‌! హాల్‌టికెట్‌ నంబరు కొట్టి నొక్కితే... తెరంతా తెల్లగా. మళ్లీ నొక్కినా అంతే. కాసేపటికి అదే సైటు ఏమీ ఎరగనట్టు మార్కులు చూపించేస్తుంది. ఈలోగా ఎవరో ఇంజినీరు ఆదరాబాదరాగా వచ్చి బాగుచేసి ఉంటాడనుకుంటాం. చాలాసార్లు ఆ పని చేసేది మనిషి కాదు... సర్వర్లోనే కూర్చున్న ఓ చిన్న ప్రోగ్రామ్‌!

రాత్రీపగలూ పనిచేసే కంప్యూటరే సర్వర్‌. చాలా సర్వర్లను నడిపేది లినక్స్‌. పేజీలు చూపించడానికి ఒకటి, వివరాలు దాచడానికి మరొకటి, మెయిల్‌ పంపడానికి ఇంకొకటి... ఇలా ఎన్నో ప్రోగ్రాములు అందులో తెరవెనక నడుస్తుంటాయి. వీటినే సర్వీసులంటారు. ప్రోగ్రామ్‌లో తప్పున్నా, జ్ఞాపకశక్తి చాలకపోయినా, డిస్క్‌ నిండిపోయినా అవి కుప్పకూలతాయి. మెమరీ పూర్తిగా అయిపోతే మిగతావాటిని కాపాడటానికి లినక్సే ఏదో ఒక పెద్ద ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది కూడా.

అలా పడిపోయినదాన్ని లేపే బాధ్యత ఇప్పుడు చాలా లినక్స్‌లలో 'సిస్టమ్‌డి'ది. 2010లో వచ్చిందిది. సర్వీసు తాలూకు ఫైల్లో 'రీస్టార్ట్‌=ఆన్‌-ఫెయిల్యూర్‌' అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ సర్వీసు అర్ధాంతరంగా ఆగిపోతే వెంటనే మళ్లీ మొదలుపెడుతుంది. మనమే కావాలని ఆపితే మాత్రం జోలికి రాదు.

ఉలుకూ పలుకూ లేకపోతే?

అసలు చిక్కు ఇంకోటుంది. సర్వీసు పడిపోదు, పనీ చేయదు. దుకాణం తలుపులు తెరిచే ఉంటాయి, పిలిస్తే మాత్రం ఎవరూ పలకరన్నమాట! దీనికి 'వాచ్‌డాగ్‌' పద్ధతి ఉంది. సర్వీసు ఇంత సమయానికోసారి 'బాగానే ఉన్నా' అని కబురు పంపాలి. రాలేదా... సిస్టమ్‌డి దాన్ని ఆపేసి మళ్లీ మొదలుపెడుతుంది. 'మోనిట్‌' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ది ఇంకో దారి. అదే వెళ్లి పేజీ ఇమ్మని అడుగుతుంది. వరుసగా కొన్నిసార్లు జవాబు రాకపోతే సర్వీసును తిరిగి ప్రారంభించి, నిర్వాహకుడికి మెయిల్‌ పెడుతుంది.

ఎన్నిసార్లు లేపాలి?

లేపిన ప్రతిసారీ పడిపోతుంటే? అందుకే సిస్టమ్‌డి మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు మాత్రమే ప్రయత్నించి ఊరుకుంటుంది. ఇక్కడో మెలిక ఉంది. ఒక్కో ప్రయత్నానికీ మధ్య 5 సెకన్లు ఆగమని చెప్పామనుకోండి. 10 సెకన్లలో 5 ప్రయత్నాలు ఎలా పూర్తవుతాయి? పరిమితి ఎప్పటికీ దాటదు. సర్వీసు రాత్రంతా పడుతూ లేస్తూనే ఉంటుంది... ఎవరికీ కబురందదు! ఆ గడువును 10 సెకన్ల నుంచి ఏ 5 నిమిషాలకో పెంచితేనే కాపలాదారు ఓటమి ఒప్పుకుంటాడు. అలా ఒప్పుకున్నప్పుడు కబురు వెళ్లే ఏర్పాటూ ఉండాలి. అప్పుడే మనిషి రంగంలోకి దిగుతాడు.

అంగారకుడి మీదా...

1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్‌ది లినక్స్‌ కాదు. కానీ కథ ఇదే. దిగిన కొన్నాళ్లకే అందులోని కంప్యూటర్‌ తనంతట తాను మళ్లీ మళ్లీ మొదలవడం ఆరంభించింది. ముఖ్యమైన పని సమయానికి పూర్తికాలేదని గమనించి, నౌకను కాపాడుతున్నది దాని కాపలా వ్యవస్థే. అయితే ఆ రోజు చేయాల్సిన పరిశోధన మాత్రం వాయిదా పడేది. ఇంజినీర్లు భూమ్మీద అలాంటి యంత్రంలోనే ఆ లోపాన్ని మళ్లీ పుట్టించి కారణం కనిపెట్టారు. వాతావరణ సమాచారం సేకరించే చిన్న పని ఒకటి, ముఖ్యమైన పనికి పరోక్షంగా అడ్డు తగులుతోంది. సరిదిద్దిన మార్పును ఇక్కడి నుంచే పంపారు.

అంటే... తిరిగి లేపడం ప్రథమ చికిత్సే, మందు కాదు. జ్వరం బిళ్ల వేసి ఊరుకుంటే రోగం లోపలే ఉండిపోతుంది. సర్వీసు ఎప్పుడు, ఎందుకు పడిందో సర్వర్‌ తన చిట్టాలో రాసిపెడుతుంది. మర్నాడు దాన్ని తీసి చదవాల్సింది మనిషే.

ఇంకో మాట. కాపలా పెట్టాక ఓ పగటిపూట, పరీక్షల కోసం ఉంచుకున్న సర్వర్లో సర్వీసును కావాలనే పడగొట్టి చూడాలి. అది లేచిందా? లేవకపోతే కబురొచ్చిందా? ఆ రెండూ తేలాకే రాత్రి ఫోన్‌ పక్కన పెట్టుకుని నిశ్చింతగా నిద్రపోవచ్చు.