చలికాలంలో కోడిపిల్లలకు బ్రూడర్

మనలో చాలామంది ఇళ్లల్లో మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే అమ్మే నాలుగు కోళ్లు కూడా పెంచుతుంది. కొందరు వనరాజా, గ్రామప్రియ పిల్లలను కొని తెస్తారు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకాలివి. తల్లికోడి ఉండదు కాబట్టి ధనుర్మాసపు చలికి ఇవే ముందు పోతాయి. ఒంటిమీద నూగు తప్ప ఈకలుండవు. తల్లి రెక్కల కింది వేడిని మనమే ఇవ్వాలి. అదే బ్రూడర్.

మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీటు, తర్వాత వారానికి 5 చొప్పున తగ్గించాలి. అట్టతో అడుగున్నర ఎత్తున గుండ్రంగా దడి కట్టండి. మూలలుంటే పిల్లలు ఒకదానిమీద ఒకటెక్కి ఊపిరాడక చస్తాయి. కింద రెండంగుళాలు ఊక, పైన కాగితం. పిల్లకు 2 వాట్ల లెక్కన పాతరకం బల్బు కావాలి; ఎల్‌ఈడీ వెలుగిస్తుందే గానీ వేడి చాలదు.

థర్మామీటరు లేదా? ఫరవాలేదు, పిల్లల్ని చూడండి. బల్బు కింద గుంపుకట్టి కీచుమంటుంటే చలి. దడికి అంటుకుని నోళ్లు తెరిస్తే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్కనుంచి గాలి కొడుతోంది. అంతటా చెదిరి మేత తింటుంటే సరిపోయినట్లే. నా మటుకు థర్మామీటరు కన్నా ఇదే నమ్మకం. తెల్లవారుజామున తప్పక లేచి చూడాలి, చలి అప్పుడే ఎక్కువ.

కరెంటు పోతే పత్తికట్టె మంట, బొగ్గుల కుంపటి పెట్టి గది మూయకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసనుండదు, పక్కన పడుకున్న మనుషులకూ ప్రాణగండమే. సీసాల్లో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టండి. చల్లారగానే మార్చాలి. గోనెపట్టాలు దించినా పైన జానెడు సందు వదలండి.