వరదకు ముందే చదువవలసిన పత్రము

కార్తీకము ప్రవేశించునప్పటికి తీరాంధ్రమున రెండు సంగతులు ఒక్కసారిగా జరుగును. సార్వా పంట కోతకు వచ్చి మాసూళ్లు గిడ్డంగులకు చేర నారంభించును. బంగాళాఖాతమున వాయుగుండములు లేచుటయు అప్పుడే. అనగా కొట్టులోను మిల్లులోను సరకు నిండుగా నుండు దినములే మనము సముద్రమునకు భయపడవలసిన దినములు. మన వ్యాపారులు బీమా చేయించునప్పుడు తరచుగా మరచునది ఈ సంగతియే.

మన తీరమును ముంచిన పెద్ద తుఫానుల తేదీలను చూడుడు. మచిలీపట్నమున సుమారు 30 వేలమందిని బలిగొన్న ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చెను. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమను పాడుచేసిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చెను. విశాఖపట్టణమును హుద్‌హుద్ తాకినది 2014 అక్టోబరు 12న. ఐనను నీరు ఎల్లప్పుడును సముద్రమునుండియే రాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని పేటలు మునిగినప్పుడు, సముద్రమునకు దూరముగా నున్నామను ధైర్యము అక్కడి దుకాణదారులను కాపాడలేదు.

వరదకు ప్రత్యేకముగా ఒక బీమా కలదా యని పలువురు అడుగుదురు. మన దేశమున వ్యాపార సంస్థల విషయములో వరద, తుఫాను, ముంపు అను ప్రమాదములు సాధారణముగా అగ్నిబీమా పాలసీలోనే చేరియుండును. పేరు అగ్నిదే యైనను రక్షణ నీటినుండి కూడ లభించును. ఒక స్థలమునందలి భవనము, యంత్రములు, సరకు అన్నియు కలిపి 5 కోట్ల రూపాయలకు మించని సంస్థలకు 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష', అంతకు మించి 50 కోట్ల వరకు గల వానికి 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష' అను పాలసీలు 2021 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినవి. అంతకంటె పెద్ద సంస్థలు ఇతర అగ్నిబీమా పాలసీలు తీసికొనును. ప్రీమియము తగ్గునను ఆశతో వరద, తుఫాను రక్షణను తొలగింపజేసికొనెడి అలవాటు పూర్వము కొందరికుండెను. తీరమున నివసించువారికి అది తగిన పొదుపు కాదు.

ఇక అసలు చిక్కు బీమా మొత్తములో నున్నది. ఒక ధాన్యపు వర్తకుడు ఆషాఢములో, సరకు పలుచగా నున్నప్పుడు, 10 లక్షలకు బీమా చేయించెననుకొందము. నవంబరు నాటికి గిడ్డంగిలో 20 లక్షల ధాన్యము నిండెను. వరద వచ్చి అడుగు వరుసల బస్తాలు తడిసి 4 లక్షల నష్టము కలిగెను. తన పాలసీ 10 లక్షలది గనుక 4 లక్షలును వచ్చునని అతడు తలచును. కాని వచ్చునది 2 లక్షలు మాత్రమే. సగము విలువకు బీమా చేసినవాడు తక్కిన సగమునకు తానే పూచీపడినట్లు లెక్క. ఆ రెండు లక్షలలో కూడ పాలసీ ప్రకారము వర్తకుడే భరించవలసిన మొదటి భాగము తీసివేయబడును. పైన చెప్పిన రెండు పాలసీలలోను నూటికి 15 వంతుల వరకు తక్కువను క్షమింతురు. సగానికి సగము తక్కువైనచో ఆ క్షమ చాలదు.

దీనికి ఉపాయములు లేకపోలేదు. సరకు పెరుగగానే సంస్థకు తెలిపి, అదనపు ప్రీమియము చెల్లించి మొత్తమును పెంచుకొనవచ్చును. సరకు రెండు మూడు గిడ్డంగుల మధ్య మారుచుండినచో, అన్నిటికిని కలిపి ఒకే మొత్తమునకు ఫ్లోటరు పాలసీ తీసికొనవచ్చును. నిలువలు మాటిమాటికి హెచ్చుతగ్గులగు పెద్ద వ్యాపారులకు, ఎప్పటికప్పుడు నిలువ విలువను ప్రకటించుచు పోవు డిక్లరేషను పాలసీ అనుకూలము.

పాలసీలో ఏమున్నదో చూచినట్లే, ఏమి లేదో కూడ చూడవలెను. రైతులు దాచుకొనుటకై ఇచ్చిన ధాన్యము గాని, కమీషను మీద అమ్ముటకు వచ్చిన సరకు గాని పాలసీలో స్పష్టముగా వ్రాయనిచో దానికి పరిహారము రాకపోవచ్చును. రొయ్యలు, చేపలు నిలువచేయు శీతల గిడ్డంగులవారికి మరియొక చిక్కు. నీరు లోపలికి రాకపోయినను తుఫానువలన కరెంటు పోయి, చలువ తగ్గి సరకు చెడిపోవును. అట్టి నష్టమునకు అదనముగా వేరే రక్షణ కోరి చేర్పించుకొనవలెను. అట్లే, మూతబడిన మిల్లు మరల తిరుగువరకు పోవు లాభమును సాధారణ పాలసీ ఇయ్యదు. అందులకు లాభనష్టపు బీమా వేరుగా కలదు. ఆస్తినష్టమునకు పరిహారము అంగీకరింపబడినప్పుడే అదియు పనిచేయును.

బ్యాంకు అప్పున్నవారు మరియొకటి గమనింపవలెను. అప్పు కొరకు బ్యాంకునకు చూపిన నిలువ ఒకటి, బీమాకు చెప్పినది మరియొకటి అయినచో నష్టమును అంచనా వేయవచ్చు సర్వేయరు రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచును. బ్యాంకు షరతు వ్రాసిన పాలసీలో పరిహారము ముందుగా బ్యాంకునకే చెల్లును. కావున అప్పు తీరగా చేతికి ఏమి మిగులునో ముందే లెక్కవేసికొనుట మంచిది.

వరద వచ్చిన పిమ్మట ఆలసింపక సంస్థకు తెలుపవలెను. మిగిలిన సరకును మెరక మీదికి చేర్చి కాపాడుట యజమాని బాధ్యత. తడిసినదానిని సర్వేయరు చూడకముందే పారవేయరాదు. తప్పనిసరియైనచో ఫోటోలు తీసి, సంస్థకు తెలిపి తీసివేయవలెను. చిట్టా ఆవర్జాలు, కొనుగోలు బిల్లులు నీటిపాలైనచో నష్టమును రుజువు చేయుట కష్టము. కనుక వాని ప్రతులను ఎత్తైన మరియొక చోట ఉంచుకొనవలెను.

ఇవన్నియు నీరు రాకముందు చేయవలసిన పనులు. మీ కొట్టు పాలసీ ఇనుప పెట్టెలోనే యున్నచో దానిని వెలికి తీసి మూడు సంగతులు చూడుడు: వరద, తుఫాను అను మాటలు అందులో నున్నవా? అందలి మొత్తము నిండు గిడ్డంగికి సరిపోవునా? గడువు కార్తీకము దాటువరకు నున్నదా? ఈ మూడింటిలో దేనికైనను లేదను సమాధానము వచ్చినచో, బీమా సంస్థకు వెళ్లి సరిచేయించుకొనుటకు ఎండ కాయు దినములే తగినవి.