తనిఖీ చేసేవారిని నియమించేది ఎవరు? – రంగూన్ నేపథ్యంలో పార్లమెంటరీ సంఘాలు

యాంగోన్ నగరం నడిబొడ్డున, సూలే పగోడాకు పడమటి వైపున ఉన్న పేట పబేడాన్. నగరం పేరు రంగూన్‌గా ఉన్న రోజుల్లో ఈ పరిసర వీధుల్లో భారతీయుల సంఖ్య చాలా ఎక్కువ. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లోని సుమారు 4 లక్షల మందిలో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులే. రేవులో బరువులు మోసినవారిలోనూ, రిక్షాలు లాగినవారిలోనూ తెలుగువారు అధికం. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరుమీదుగా బర్మాలో వారిని ‘కొరంగీలు’ అనేవారు.

వీరికి పని దొరికేదీ, కూలి అందేదీ మేస్త్రీల చేతుల మీదుగానే. ఇరుకు గదుల్లో పదులకొద్దీ మంది తలదాచుకునేవారు. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం విట్లీ అధ్యక్షతన భారత కార్మికుల స్థితిగతులపై ఒక రాయల్ కమిషన్‌ను నియమించింది. దాని పని సాగుతుండగానే, 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె ముగిసిన వెంటనే చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. 1931లో కమిషన్ నివేదిక సమర్పించింది. బర్మాలోని కూలీల గురించి కూడా అందులో రాసింది. అంతటితో కమిషన్ ఆయువు తీరింది. సిఫారసుల్లో ఏవి అమలయ్యాయో, ఏవి కాలేదో మళ్ళీ వచ్చి అడిగే అధికారం దానికి లేదు.

విచారణ కమిషన్‌కూ, చట్టసభ స్థాయీ సంఘానికీ మౌలికమైన తేడా ఇదే. కమిషన్‌ను నియమించేది ప్రభుత్వం. సంఘాన్ని ఏర్పరచేది సభ. కమిషన్ ఒకసారి అడిగి వెళ్ళిపోతుంది. సంఘం ఏటా తిరిగివస్తుంది.

ఈ సంఘాల్లో పాతది ప్రజాపద్దుల సంఘం. బ్రిటన్‌లో 1861లో ఇది మొదలైంది. భారతదేశంలో దీని పని ఇలా సాగుతుంది: సభ మంజూరు చేసిన డబ్బు ఎలా ఖర్చయిందో కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్క తేలుస్తారు. ఆ నివేదిక ఆధారంగా సంఘం ఆయా శాఖల కార్యదర్శులను పిలిపించి ప్రశ్నిస్తుంది, కాగితాలు తెప్పించుకుంటుంది, సభకు నివేదిస్తుంది. తీసుకున్న చర్యలేమిటో ప్రభుత్వం గడువులోగా చెప్పాలి. ఆ జవాబుపై సంఘం మరో నివేదిక ఇస్తుంది. సిఫారసులను అమలుచేసి తీరాలన్న నిర్బంధం లేదు. అయినా జవాబు చెప్పక తప్పని స్థితి అధికారులను జాగ్రత్తపరుస్తుంది. ఆసుపత్రిలో జరిగిన ప్రతి మరణాన్నీ సమీక్షించే సమావేశం లాంటిదిది. పోయిన ప్రాణం తిరిగిరాదు. కాని రేపు ఇదే ప్రశ్న ఎదురవుతుందన్న ఎరుక చికిత్సను మారుస్తుంది.

అయితే ఆ సమావేశానికి చికిత్స చేసిన వైద్యుడే అధ్యక్షుడైతే? భారతదేశంలో ఈ సంఘం 1921లో ఏర్పడినప్పుడు అచ్చంగా అదే జరిగింది: ప్రభుత్వ ఖజానాను చూసుకునే ఆర్థిక సభ్యుడే దానికి అధ్యక్షుడు. ఆ పద్ధతి 1950 వరకూ సాగింది. ఆ పైన సంఘం లోక్‌సభ స్పీకర్ అధీనంలోకి వచ్చింది. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడిని అధ్యక్షుడిగా నియమించడం సంప్రదాయమైంది. నేడు సంఘంలో 22 మంది సభ్యులుంటారు. మంత్రులకు అందులో చోటులేదు.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. నేటి మయన్మార్‌కు 2008లో వచ్చిన రాజ్యాంగం పేరుకు సంఘాలను పుష్కలంగానే ఇచ్చింది. దిగువసభకు బిల్లుల సంఘం, ప్రజాపద్దుల సంఘం, సభాహక్కుల సంఘంతోబాటు, ప్రభుత్వం ఇచ్చిన హామీలను పరిశీలించే సంఘం కూడా ఉండాలని 115వ విభాగం చెబుతుంది. ఆ విభాగంలోనే ఒక మెలిక ఉంది: రక్షణ వ్యవహారాలను పరిశీలించవలసి వస్తే, అందుకు ఏర్పాటయ్యే సంఘంలో ఉండవలసింది సైన్యానికి చెందిన సభ్యులే. అవసరమనుకుంటేనే ఇతరులను చేర్చుకోవచ్చు. దిగువసభలోని 440 స్థానాల్లో 110 స్థానాలకు సభ్యులను ఎంపిక చేసేది సర్వసైన్యాధ్యక్షుడు. అంటే సైన్యం పద్దును చూసేవారిని సైన్యమే పంపుతుంది.

2021 ఫిబ్రవరి 1న, కొత్త పార్లమెంటు కొలువుతీరవలసిన రోజునే, సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. సభే లేనప్పుడు సంఘాలు ఎక్కడివి?

పార్లమెంటరీ సంఘం బలం దాని నియమావళి నిడివిలో ఉండదు. లెక్క చెప్పవలసినవారి చేతికి అందనంత దూరంలో లెక్క అడిగేవారి నియామకం జరగాలి. ఆ దూరాన్ని సాధించడానికి భారతదేశానికి 1921 నుంచి 1967 దాకా పట్టింది. రంగూన్ రేవులో తన కూలి లెక్కను మేస్త్రీ నోటివెంట మాత్రమే విన్న తెలుగు కూలీకి ఆ దూరం విలువ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.