నొప్పి లేదని నిర్లక్ష్యం వద్దు
(షుగరు వ్యాధి – పాదాల నరాలు)

"పుండు పడి పది రోజులైందండీ. నొప్పి లేదు కదా, అదే మానిపోతుందిలే అనుకున్నాను."

షుగరు వ్యాధి ఉన్నవారి నోట డాక్టర్లు తరచుగా వినే మాట ఇది. భయపడవలసింది సరిగ్గా ఇక్కడే. పుండు ఉండి కూడా నొప్పి తెలియడం లేదంటే పాదంలోని నరాలు దెబ్బతిన్నాయన్నమాట.

నరాలు ఎందుకు దెబ్బతింటాయి?

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలకు, వాటికి రక్తాన్ని అందించే సన్నని రక్తనాళాలకు హాని కలుగుతుంది. దీనినే డయాబెటిక్ న్యూరోపతి అంటారు. షుగరు ఉన్నవారిలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది రావచ్చు. పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి. అందుకే ఇది కాలివేళ్లలో మొదలై, మేజోడు తొడిగినట్టుగా పైకి పాకుతుంది. పొగతాగడం, మద్యం, అధిక రక్తపోటు దీనిని మరింత పెంచుతాయి.

లక్షణాలు ఏమిటి?

తిమ్మిర్లు, చీమలు పాకినట్టు ఉండడం, సూదులు గుచ్చినట్టు పోట్లు, అరికాళ్ల మంటలు. ఇవి రాత్రిపూట ఎక్కువవుతాయి. తరువాత దూది మీద నడిచినట్టు ఉంటుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. చెమట పట్టక చర్మం ఎండి మడమలు పగులుతాయి. కొందరికి ఏ బాధా లేకుండానే స్పర్శ పోతుంది.

వెల్లూరు నేర్పిన పాఠం

డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ జబ్బు వల్ల వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. నొప్పి తెలియక తగిలే దెబ్బలు, కాలిన గాయాలు, వాటిలో పట్టే చీము వల్లనే వేళ్లు పోతున్నాయని ఆయన గమనించారు. 1966లో అమెరికా వెళ్లిన తరువాత, షుగరు వల్ల స్పర్శ పోయిన పాదాలకు కూడా ఇదే పాఠం వర్తిస్తుందని చూపారు. అంటే, కాలు పోవడానికి చాలాసార్లు మొదలు ఒక చిన్న గాయమే. దానిని ఆపడం మన చేతుల్లో ఉంది.

ఏం చేయాలి?

1. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి. అరికాళ్లు, వేళ్ల సందులు మరచిపోవద్దు. వంగలేకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో వారిని చూడమనండి.
2. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవవద్దు. చర్చికి వచ్చినప్పుడు ఎండకు కాలిన బండల మీద నాలుగడుగులు వేసినా బొబ్బలెక్కవచ్చు. గుమ్మం దాకా చెప్పులతో వచ్చి అక్కడ విడవండి.
3. చెప్పులు వేసుకునే ముందు రాయి, మేకు ఉన్నాయేమో దులిపి చూడండి. స్పర్శ తగ్గినవారికి మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు మంచివి.
4. వేడినీళ్ల కాపడం పెట్టవద్దు. స్నానపు నీళ్ల వేడిని ఇంట్లో మరొకరి చేత చూపించండి.
5. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు, కార్న్ ప్లాస్టరు అంటించవద్దు.
6. పగిలిన మడమలకు కొబ్బరినూనె రాయండి. వేళ్ల సందుల్లో మాత్రం తడి లేకుండా తుడవండి, నూనె రాయవద్దు.

మందులు ఉన్నాయా?

మంటలు, పోట్లు తగ్గడానికి మందులున్నాయి, డాక్టరు సలహాతోనే వాడాలి. పోయిన స్పర్శను పూర్తిగా తిరిగి తెచ్చే మందు లేదు. అందుకే చక్కెరను అదుపులో ఉంచుకోవాలి. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో చాలామందికి 7 శాతం లోపు ఉండాలని చెబుతారు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడేవారికి బి12 విటమిన్ తగ్గి కూడా తిమ్మిర్లు రావచ్చు. కనుక నరాల బలానికంటూ సొంతంగా మాత్రలు కొనకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

ఏడాదికి ఒకసారైనా పాదాల పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడి కలిగించే నైలాన్ తీగతో అరికాలిని తాకి, స్పర్శ ఉందో లేదో చూస్తారు. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు.

పుండు, బొబ్బ, వాపు, రంగు మారడం, చీము – వీటిలో ఏది కనిపించినా నొప్పి కోసం ఎదురు చూడకండి. అదే రోజు ఆసుపత్రికి రండి. ఈ రాత్రి పడుకునే ముందు, మీ ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారి అరికాళ్లు ఒక్కసారి దీపం వెలుగులో చూడండి.