సబ్‌వూఫర్‌ను గదిలో ఎక్కడ పెట్టాలి?

స్టీరియోలో పాటలు వినేవారు కొందరు దానికి సబ్‌వూఫర్ అనే పెద్ద పెట్టెను కూడా కలుపుతారు. అది ఇంటికి వచ్చిన రోజున ఒక తమాషా జరుగుతుంది. గోడవారగా మంచం మీద కూర్చున్న తాతగారు "ఏమిటర్రా ఈ దడదడ, తగ్గించండి" అంటారు. గది నడుమ కుర్చీలో కూర్చున్న అన్నయ్య "నాకేమీ వినబడటం లేదు, ఇంకా పెంచు" అంటాడు. పెట్టె ఒకటే, పాట ఒకటే. మరి ఎవరి మాట నిజం? ఇద్దరి మాటా నిజమే! ఎలాగో చూద్దాం.

ముందుగా ఈ పెట్టె చేసే పనేమిటో తెలుసుకుందాం. సెకనుకు జరిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యం అంటారనీ, దానిని హెర్ట్జ్‌లలో కొలుస్తారనీ మీకు తెలుసు. మన చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. బేస్ గిటారులో అన్నిటికన్నా లావుపాటి తీగ సుమారు 41 హెర్ట్జ్‌తో కంపిస్తుంది. పియానోలో ఎడమ చివరి మెట్టు పౌనఃపున్యం 27.5 హెర్ట్జ్. ఇంత మంద్రమైన ధ్వనులు పుట్టాలంటే స్పీకరు చాలా గాలిని కదిలించాలి. పౌనఃపున్యం సగానికి తగ్గితే, గాలిలో అంతే పీడన మార్పు కలిగించడానికి స్పీకరులోని కోన్ నాలుగు రెట్లు దూరం ఊగాలి. చిన్న స్పీకర్లకు అది సాధ్యం కాదు. అందుకే ఈ పనికి పెద్ద కోన్ ఉన్న పెట్టెను వేరుగా పెడతారు.

ఇక అసలు విషయానికి వద్దాం. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 3,500 హెర్ట్జ్ ధ్వనికి అది 10 సెంటీమీటర్లు. 35 హెర్ట్జ్ ధ్వనికి 10 మీటర్లు! మన గది పొడవు 5 మీటర్లు అనుకుందాం. అంటే ఆ గదిలో సరిగ్గా సగం తరంగం పడుతుందన్నమాట.

ఇప్పుడొక చిన్న ప్రయోగం చేయండి. పొడవాటి ట్రేలో రెండు వేళ్ల మందాన నీళ్లు పోసి, ఆ చివరా ఈ చివరా లయగా ఊపండి. రెండు చివర్లలో నీటిమట్టం బాగా పైకీ కిందికీ పోతుంది. నడుమ మాత్రం మట్టం దాదాపు మారదు. గదిలోని గాలి కూడా ఇంతే. ఎదురెదురు గోడల మీద పరావర్తనం చెందిన తరంగాలు కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. ఇక్కడ నీటిమట్టానికి బదులు గాలి పీడనం మారుతుంది. గోడల దగ్గర ఆ మార్పు ఎక్కువ, నడుమ బహు తక్కువ. చెవికి తెలిసేది పీడనంలోని మార్పే. కాబట్టి 35 హెర్ట్జ్ ధ్వని తాతగారికి దడదడలాడుతుంది, అన్నయ్యకు అందదు. అన్నయ్య కోసం వాల్యూం పెంచితే లాభం లేదు. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే కదా!

70 హెర్ట్జ్ దగ్గర లెక్క మారుతుంది. అప్పుడు గది నడుమ ధ్వని బాగా వినిపిస్తుంది. ఒక్కొక్క గోడ నుంచి 1.25 మీటర్ల దూరంలో సన్నగిల్లుతుంది. గది వెడల్పు 3.5 మీటర్లయితే ఆ దిశలో 50 హెర్ట్జ్ దగ్గర మరో స్థిర తరంగం వస్తుంది. అందువల్ల ఒక్కొక్క చోట ఒక్కొక్క స్వరం ఉబ్బుతుంది, మరొకటి మాయమవుతుంది. పెట్టెను మూలలో పెడితే ఈ తరంగాలన్నీ ఒకేసారి బలంగా లేస్తాయి. మోత పెరుగుతుంది గాని, అన్ని స్వరాలూ సమంగా ఉండకపోవచ్చు.

మరి మంచి చోటు కనుక్కోవడం ఎలా? ధ్వని పుట్టే చోటునూ, వినే చోటునూ తారుమారు చేసినా వినిపించే తీరు మారదు. ఈ సూత్రాన్ని 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్, రేలీ అనే శాస్త్రవేత్తలు వివరించారు. దీనిని మనం వాడుకోవచ్చు. ప్లగ్గు తీసివేసి, పెద్దవారి సాయంతో సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే కుర్చీ మీద పెట్టండి. తరువాత ప్లగ్గు పెట్టి, మంద్ర స్వరాలు వరసగా వచ్చే పాటను తక్కువ వాల్యూంలో పెట్టండి. ఇప్పుడు చెవి నేలకు దగ్గరగా ఉండేటట్లు వంగి, గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తే అదే పెట్టెకు తగిన చోటు.

పెట్టె వెనుక సాధారణంగా మూడు నాబ్‌లుంటాయి. మొదటిది క్రాసోవర్. ఏ పౌనఃపున్యానికి దిగువ ధ్వనులను ఈ పెట్టె పలకాలో అది నిర్ణయిస్తుంది. 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. ఆ ధ్వని తరంగదైర్ఘ్యం 4 మీటర్ల పైమాటే, మన చెవుల మధ్య దూరం జానెడైనా ఉండదు. అందుచేత అంత మంద్రధ్వని ఏ దిక్కు నుంచి వస్తున్నదో మనం పోల్చుకోలేము. ఒకే పెట్టె చాలడానికి కారణం ఇదే. రెండవది ఫేజ్. స్పీకరు కోన్ ముందుకు తోసే సమయంలో సబ్‌వూఫర్ కోన్ వెనక్కు లాగితే రెండూ రద్దవుతాయి. ఒకరిని దానిని అటూ ఇటూ మార్చమని, నిండుగా వినిపించినప్పుడు ఆపమనండి. మూడవది వాల్యూం. దానిని చివర సరిచేయాలి. పెట్టె ఉన్నట్టు తెలియక, దాన్ని ఆపినప్పుడు మాత్రం ఏదో తగ్గినట్లు అనిపిస్తే అదే సరైన మట్టం.

ఒక్క మాట మరువకండి. గోడలు కీచుధ్వనులను ఆపినంతగా మంద్రధ్వనులను ఆపలేవు. పాట మీకు, అదురు మాత్రం పక్కింటివారికి! వారింట్లో పరీక్షకు చదివేవారో, జబ్బుపడ్డవారో ఉండవచ్చు.

ఇంతకన్నా పెద్ద పెట్టె కావాలని నాన్నగారిని అడిగే ముందు, ఉన్న పెట్టెను ఒక మీటరు జరిపి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. ఇక మీకొక లెక్క: మీ తరగతి గది పొడవు, వెడల్పు టేపుతో కొలవండి. ఒక్కొక్క దిశలో ఎన్ని హెర్ట్జ్ దగ్గర మొదటి స్థిర తరంగం ఏర్పడుతుందో కట్టి చూడండి.