ఆన్‌లైన్ విద్యకు గీటురాయి

తరగతి గదిలో అధ్యాపకుడు విద్యార్థుల ముఖకవళికలను గమనిస్తూ బోధిస్తాడు. విషయం అర్థం కాలేదని తోచగానే మరొక ఉదాహరణతో వివరిస్తాడు. ఆన్‌లైన్ కోర్సులో ఈ సౌలభ్యం స్వల్పం. అక్కడ దారి తెలియని విద్యార్థి తన సందేహాన్ని ఎవరికీ చెప్పకుండానే చదువు మానుకొనే ప్రమాదం ఉంది. కాబట్టి అధ్యాపకుడు ఎదుట నిలిచి చేసే పనిలో అధికభాగాన్ని కోర్సు నిర్మాణమే నిర్వహించాలి. బంగారానికి గీటురాయి ఎటువంటిదో, ఆ నిర్మాణానికి నాణ్యతా ప్రమాణాలు అటువంటివి.

అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో కొన్ని విద్యాసంస్థలు ‘మేరీలాండ్ ఆన్‌లైన్’ పేరిట కూటమిగా ఏర్పడి, ఒక సంస్థ కోర్సులను మరొక సంస్థ విద్యార్థులకు అందించాలని సంకల్పించాయి. ఇతరులు రూపొందించిన కోర్సు నాణ్యతను విశ్వసించడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానంగా 2003లో ప్రభుత్వ ఆర్థిక సహాయంతో ‘క్వాలిటీ మేటర్స్’ అనే విధానానికి అంకురార్పణ జరిగింది. కోర్సు పరిచయం, అభ్యసన లక్ష్యాలు, మూల్యాంకనం, బోధన సామగ్రి, అభ్యసన కృత్యాలు, సాంకేతిక సాధనాలు, విద్యార్థులకు తోడ్పాటు, అందరికీ అందుబాటు అనే ఎనిమిది అంశాలను ఈ విధానంలో పరిశీలిస్తారు.

వీటన్నింటిలో లక్ష్యం, బోధన, పరీక్షల మధ్య పొందిక ప్రాణప్రదమైనది. వాణిజ్యశాస్త్ర కోర్సులో ‘విద్యార్థులు బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికను తయారుచేస్తారు’ అనేది లక్ష్యం అనుకొందాం. పాఠంలో నిర్వచనం మాత్రమే చెప్పి, పరీక్షలో దానినే అడిగితే మార్కులు వస్తాయి గాని పట్టిక తయారుచేయడం రాదు. లెక్క చేసి చూపే పాఠం, స్వయంగా చేసే అభ్యాసం, కొత్త లెక్కతో పరీక్ష ఉన్నప్పుడే లక్ష్యం నెరవేరుతుంది. లక్ష్యాన్ని ‘తెలుసుకొంటారు’ అని చెబితే కొలవడం కష్టం. ‘తయారుచేస్తారు’ అని చెబితే సులభం.

శిక్షణ పొందిన ముగ్గురు అధ్యాపకులు విద్యార్థి దృష్టితో కోర్సును పరిశీలిస్తారు. వారిలో ఒకరైనా బయటి సంస్థకు చెందినవారై ఉండాలి. అత్యవసర ప్రమాణాలన్నీ నెరవేరి, మొత్తం మీద 85 శాతం పాయింట్లు వస్తేనే గుర్తింపు లభిస్తుంది. లోపాలున్న కోర్సును తిరస్కరించి ఊరుకోరు. సవరణలు సూచించి మెరుగుపరచుకొనే అవకాశమిస్తారు. వారు పరీక్షించేది కోర్సు నిర్మాణాన్నే గాని అధ్యాపకుని బోధనా ప్రతిభను కాదు.

మన దేశంలో 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదిక కూడా తన కోర్సులకు నాలుగు అంగాలను నిర్దేశించింది. అవి దృశ్యపాఠం, పఠన సామగ్రి, చర్చావేదిక, స్వీయ మూల్యాంకనం. ఒక సెమిస్టర్‌లోని కోర్సులలో 40 శాతం వరకు ‘స్వయం’ ద్వారా చదివే వెసులుబాటును విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 నిబంధనలలో కల్పించింది. అంటే ఈ కోర్సుల నాణ్యత నేరుగా విద్యార్థి పట్టా విలువతో ముడిపడి ఉన్నది.

ప్రమాణాలు కోర్సుకు కట్టుదిట్టమైన రూపాన్ని ఇస్తాయి. దానికి జీవం పోసేది మాత్రం అధ్యాపకుని పాండిత్యం, విద్యార్థి శ్రద్ధ. ‘ఇది పూర్తయ్యేసరికి నేను ఏమి చేయగలుగుతాను? ఆ సామర్థ్యాన్ని ఎట్లా పరీక్షిస్తారు? సందేహం వస్తే ఎవరిని అడగాలి?’ అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెతికిన తరువాతనే ఏ కోర్సులోనైనా చేరడం వివేకవంతుల లక్షణం.